తొలి కణపు పొర ప్రయోగం కిట్: నీళ్లే అసలు పరీక్ష

జీవం పుట్టినప్పుడు తొలి కణాల పొర ఎలా ఏర్పడి ఉండొచ్చో చూపే కిట్ ఇది. విశాఖ ఎండకు ఇందులోని డెకనాయిక్ ఆమ్లం (ఒక కొవ్వు ఆమ్లం) సీసాలో నూనెలా కనిపిస్తే పాడైందనుకోకండి, అది 31.6 డిగ్రీలకే కరుగుతుంది. మేక వాసన భరించాల్సిందే.

1.72 గ్రాముల ఆమ్లం, 0.2 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ 100 మి.లీ. గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే సగం ఆమ్లం సబ్బుగా మారి, నీరు పాలలా మసకేస్తుంది. ఆ మసకే పొరసంచులు, అంటే ఆ ఆమ్లపు పొర చుట్టుకున్న, తొలి కణాల్లాంటి సూక్ష్మ సంచులు. క్షారం (సోడియం హైడ్రాక్సైడ్) ఎక్కువైతే తేటపడుతుంది, తక్కువైతే నూనె తేలుతుంది.

‘ఏ నీళ్లయినా చాలు’ అన్న మాన్యువల్ మాట తప్పు. కాల్షియం ఎక్కువున్న బోరునీటితో ఆ పాలలాంటి ద్రవం విరిగిపోతుంది. ఆర్కే బీచ్ నీళ్లు పోస్తే ఇంకా ఘోరం: సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం, అదీ కాల్షియంలాగే విరిచేస్తుంది. జీవం సముద్రంలో కాదు, మంచినీటి వేడి గుంటల్లో పుట్టిందనేవారి వాదనకు ఇదో ఆధారం.

క్షారం సరిపోయిందో చూడ్డానికి ఇచ్చిన 1–14 పీహెచ్ కాగితం దండగ, చిన్న తేడాలు అందులో తెలియవు. 6–8ది విడిగా కొనండి.