చోంగ్‌చింగ్‌లో మా ఇంటి కింది పార్శిల్ కొట్టు: ఐదుకి నాలుగు స్టార్లు

ముందే చెప్తున్నా, ఇది హోటల్ రివ్యూ కాదు. చైనాలోని ఈ చోంగ్‌చింగ్ ఊరు అనగానే అందరూ ఎర్రటి నూనె మరుగుతుంటే అందులోనే ముక్కలు ఉడికించుకు తినే హాట్‌పాట్ గురించో, లీజిబా స్టేషన్ దగ్గర బిల్డింగు పొట్టలోకి దూరిపోయే రైలు గురించో రాస్తారు. వచ్చిన కొత్తలో నేనూ ఆ రైలు కింద నిలబడి, నోరు తెరిచి దాన్ని మింగేస్తున్నట్టు ఫొటో దిగినవాణ్ణే. కానీ రెండేళ్ళుగా వారానికి మూడుసార్లు తప్పకుండా వెళ్ళే చోటు ఏదంటే మా కాలనీ కింద ఉన్న పార్శిల్ కొట్టు, అంటే ఆన్‌లైన్‌లో కొన్నవి వచ్చి చేరే చోటు. చైనీస్‌లో ఇజాన్ అంటారు. పాతకాలంలో రాజుగారి తపాలా మోసేవాళ్ళు గుర్రాలు మార్చుకునే మజిలీకి కూడా ఇదే పేరట. ఇప్పుడు గుర్రాల బదులు మూడు చక్రాల బ్యాటరీ బండ్లు వస్తున్నాయి, అంతే తేడా.

ఈ దేశంలో కొరియర్ పార్శిళ్ళు 2021లోనే ఏడాదికి పదివేల కోట్లు దాటాయి, ఆ తర్వాత ఇంకా పెరిగాయి. అన్నిటినీ గుమ్మం దాకా తెచ్చివ్వడం ఎవరివల్లా కాదు కాబట్టి కాలనీకి ఒకటో రెండో ఇలాంటి కొట్లు ఉంటాయి. పద్ధతి తేలికే. ఫోనుకి 10-2-3317 లాంటి నంబరు వస్తుంది, అంటే పదో ర్యాకు, రెండో అర, చివరిది పార్శిల్ మీద అంటించిన నంబరు. వెళ్ళి వెతుక్కుని గుమ్మం దగ్గరున్న మెషీన్ కింద పెడితే అది ఫొటో తీసుకుని కీచుమంటుంది, పట్టుకొచ్చేయడమే. పైసా ఇవ్వక్కర్లేదు.

తేలికే అన్నానా, ముందు ఆ కొట్టు దొరకాలి కదా. మాది యూజోంగ్, ఊరి పాత భాగం, అంతా కొండ. ల్యాంగ్‌లూకౌ దగ్గర కొండ ఎక్కి దిగడానికి 112 మీటర్ల ఎస్కలేటర్ పెట్టి రెండు యువాన్ల టికెట్ తీసుకుంటారంటే మీరే ఊహించుకోండి. మా బిల్డింగుకి ముందున్న రోడ్డు ఒకటో అంతస్తులో, వెనక రోడ్డు తొమ్మిదో అంతస్తులో కలుస్తాయి, రెండు రోడ్ల మీదా బస్సులు తిరుగుతాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు మ్యాప్ ఇంకో ఇరవై మీటర్లే అంది. నలభై నిమిషాలు తిరిగాను. ఇరవై మీటర్లు నిజమే, కాకపోతే కిందికి. చివరికి ఒక తాత నా అవస్థ చూసి నవ్వుకుంటూ నూడుల్స్ కొట్టు పక్కన సందులోకి తీసుకెళ్ళి మెట్లు చూపించాడు. నూట ముప్పై రెండు మెట్లు, లెక్కపెట్టాను, అదీ ఆగస్టులో. ఈ ఊళ్ళో ఆగస్టు అంటే నలభై డిగ్రీలు మామూలు మాట, పైగా నదుల మధ్య ఊరు కాబట్టి ఉక్కపోత ఫ్రీ.

కొట్టు నడిపేది ఒక యాభై ఏళ్ళావిడ. ఈ వైపు అలాంటివాళ్ళని న్యాంగ్‌న్యాంగ్ అంటారు, మన పిన్నిగారిలాగా. ఆవిడ నన్ను షువాయ్‌గ అని పిలిచింది, అంటే అందగాడు అని అర్థం. పుట్టి ముప్పై ఏళ్ళయినా ఎవరూ అనని మాట అని ఆ పూటంతా గాల్లో తేలాను. వారం తర్వాత తెలిసింది, డెబ్బై ఏళ్ళ వాచ్‌మన్‌నీ షువాయ్‌గే అంటుంది, బియ్యం మూట మోసుకొచ్చినవాణ్ణీ షువాయ్‌గే అంటుంది.

అసలు గొడవ అంకెలతో. నేను యాప్‌లో నేర్చుకున్న చైనీస్‌లో నాలుగుకీ పదికీ తేడా స్పష్టంగా వినబడుతుంది. ఇక్కడి యాసలో నాలుక మడిచి పలకడం ఉండదు, రెండూ 'స' అన్నట్టే వినిపిస్తాయి, తేడా అంతా గొంతు ఎత్తి దించే రాగంలోనే. ఒకరోజు ఫోన్ చార్జింగ్ అయిపోతే నా ఫోన్ నంబరు చెప్పి ఆవిడనే ర్యాకు అడిగాను, నాకు నాలుగు అని వినిపించింది. నాలుగో ర్యాకు మొత్తం తిరగేశాను, పక్కవాళ్ళ పిల్లల డైపర్లు, ఎవరిదో గిటారు, అన్నీ చూశాను, నాది లేదు. ఆవిడ విసుక్కోకుండా వచ్చి రెండు చూపుడు వేళ్ళూ ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి చూపించింది. ఇక్కడ పదికి గుర్తు అది. అప్పటినుంచి మా ఇద్దరి లావాదేవీలన్నీ చేతులతోనే. నాలుగు చెప్పాలంటే మాత్రం నాలుగు వేళ్ళే, అంతవరకు ప్రపంచమంతా ఒకటే.

కొరియర్ కుర్రాళ్ళ ఫోన్లు ఇంకో టెన్షన్. అడక్కుండా పార్శిల్ ఇజాన్‌లో పడేయకూడదని 2024 మార్చి 1 నుంచి రూలు వచ్చింది. దాంతో కొంతమంది నిజంగానే ఫోన్ చేస్తారు, అదీ బండి నడుపుతూ, ఆ యాసలో, గాలి హోరులో. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. అవతలివాడు ఆపగానే "ఫాంగ్ ఇజాన్" అంటాను, అంటే ఇజాన్‌లో పెట్టేయి అని. నూటికి తొంభైసార్లు సరైన జవాబు అదే. ఒకసారి మాత్రం ఫోన్ చేసింది పార్శిల్ అతను కాదు, పైపు లీకైందని వచ్చిన ప్లంబర్. అతన్నీ ఇజాన్‌లో పెట్టేయమన్నాను.

ఇక చింతపండు సంగతి. చైనాలోనే యునాన్ రాష్ట్రం వైపు చింతచెట్లు ఉన్నాయని తెలిసి ఎంత సంబరపడ్డానో, ఏకంగా రెండు కిలోలు ఆర్డర్ పెట్టాను. పార్శిల్ తెచ్చి, నానబెట్టి, పులుసు కాస్తే పాయసంలా ఉంది. బొమ్మ చూసి కొన్నాను కానీ పేరు చదవలేదు, అది తీపి రకం, ఉత్తినే వలుచుకు తినేది. ఏడు రోజుల్లో కారణం చెప్పకుండా తిప్పి పంపొచ్చు అనే సౌకర్యం ఇక్కడ ఉంది కానీ త్వరగా పాడయ్యే సరుక్కి అది వర్తించదు. చేసేదిలేక సగం తీసుకెళ్ళి న్యాంగ్‌న్యాంగ్‌కి ఇచ్చాను. ఆవిడ పొద్దుతిరుగుడు గింజల పళ్ళెం పక్కన పెట్టి వచ్చినవాళ్ళందరికీ పంచింది, "భారతదేశం పండు" అని చెప్పి మరీ. వాళ్ళ దేశం పండే అని ఎలా చెప్పాలో నాకు రాలేదు, ఊరుకున్నాను.

స్టార్ ఎక్కడ పోయిందంటే, పంపడం దగ్గర. తీసుకోవడానికి పేరూ ఊరూ అడగరు గానీ పంపాలంటే గుర్తింపు కార్డు తప్పనిసరి. తప్పులేదు. కానీ ఈ కొట్టు వాడే ఫారంలో నంబరుకి పద్దెనిమిది గళ్ళు ఉన్నాయి, అవి ఇక్కడివాళ్ళ కార్డుకి సరిపోయేవి. నా పాస్‌పోర్టు నంబరు ఎనిమిది అక్షరాలు, కొడితే ఎర్ర గీత వస్తుంది. సైజు సరిపోని చెప్పులు వెనక్కి పంపడానికి మూడురోజులు తిరిగాను. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, పైవాళ్ళకి ఫోన్ చేసింది, వాళ్ళు ఇంకెవరికో చేయమన్నారు, చివరికి వేరే కొరియర్ కుర్రాడు పాస్‌పోర్టు చూసి, తన ఫోన్లో ఏదో నొక్కి తీసుకెళ్ళాడు. అలాంటివాడు ఒకడు తెలిసుంటే చాలు, కానీ తెలియాలిగా.

నవంబరు 11 సేల్ వారంలో మాత్రం అటు వెళ్ళకండి. పార్శిళ్ళు ర్యాకులు దాటి నేల మీదికి, అక్కణ్ణించి మెట్ల మీదికి వచ్చేస్తాయి, నంబర్లు వరసలో ఉండవు, క్యూ సందు బయట దాకా. పోయినేడు నేనూ బుద్ధి తక్కువై అప్పుడే పుస్తకాల అలమర కొన్నాను, ముప్పై కిలోలు. కిందికి దిగాక గాని నూట ముప్పై రెండు మెట్లు గుర్తురాలేదు. న్యాంగ్‌న్యాంగ్ ఎవరికో కేకేసింది. వెదురు కర్ర భుజాన వేసుకుని అరవై దాటిన ఒకాయన వచ్చాడు, ఇలాంటి కూలీలని ఈ ఊళ్ళో బాంగ్‌బాంగ్ అంటారు, ఇప్పుడు చాలా తగ్గిపోయారు. తాడు కట్టి, ఎత్తి, నాకంటే ముందు పైకి వెళ్ళి కూర్చున్నాడు. ఇరవై యువాన్లు అడిగాడు, ముప్పై ఇచ్చాను, రొప్పుతూ ఉన్నాను కాబట్టి బేరం సంగతి తర్వాత.

పొద్దున తొమ్మిదికి తీస్తారు, రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఆవిడ పడకకుర్చీలో నిద్రపోతుంటుంది, అప్పుడు వెళ్తే మీరే తీసుకుని మెషీన్‌కి చూపించుకుని చప్పుడు చేయకుండా రండి. ఆ మెషీన్ కీచుమంటుంది, దానికి మనం చేయగలిగింది లేదు.