అమ్మ ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ ఓపీ: నాలుగు స్టార్లు

గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అమ్మకి గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేయించాం. కింద ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయట్లేదు. సర్జన్ల గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు, నేను అక్కడి మత్తు డాక్టర్ గురించే రాస్తున్నాను.

అమ్మకి 68 ఏళ్ళు, షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. రాళ్ళ నొప్పి కన్నా "మత్తిస్తే మళ్ళీ లేస్తానో లేదో" అన్న దిగులే ఎక్కువైంది. చుట్టాలు ఫోన్లు చేసి దాన్ని ఇంకాస్త పెంచారు. ఈ ఆసుపత్రిలో ఆపరేషన్ తేదీ ఖాయం చేసేముందే పీఏసీ అని, అంటే మత్తుకి ముందు చేసే పరీక్షకి, మత్తు డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. థియేటర్ బయట స్ట్రెచర్ మీద రెండు ప్రశ్నలతో ముగించే రకం కాదు.

డాక్టరమ్మ రిపోర్టులు పక్కనపెట్టి అమ్మ వైపు తిరిగారు. నోరు బాగా తెరిచి నాలుక చాపమన్నారు, మెడ వెనక్కి వంచమన్నారు. కింది పళ్ళు వేలితో కదిపి చూసి, ఒకటి వదులుగా ఉందని రాసుకున్నారు. శ్వాస కోసం గొంతులో గొట్టం వేసేటప్పుడు ఊడి లోపలికి జారితే ప్రమాదమట. "మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అమ్మా? మీ అన్నదమ్ములకో, అక్కచెల్లెళ్ళకో మత్తు ఇచ్చినప్పుడు ఏమైనా ఇబ్బందైందా?" అని అడిగారు. అదెందుకని అడిగాను. కొన్ని మత్తుమందులకి ఒళ్ళు విపరీతంగా వేడెక్కిపోయే గుణం కొన్ని కుటుంబాల్లో వస్తుందని, అరుదే అయినా ముందే తెలిస్తే ఆ మందుల జోలికి పోమని చెప్పారు.

"వెన్నుకి సూది వేసి చేసేయొచ్చు కదమ్మా, తెలివిలోనే ఉంటాను" అంది అమ్మ. ఆవిడ విసుక్కోలేదు. "పొట్టలోకి గ్యాస్ నింపి చేస్తారమ్మా. అది ఊపిరితిత్తుల్ని కింద నుంచి నొక్కుతుంది. అందుకే మీకు పూర్తి మత్తిచ్చి, గొంతులో గొట్టం వేసి, మిషన్‌తో శ్వాస ఇస్తాం. అయ్యేదాకా నేను మీ తల దగ్గరే ఉంటాను" అన్నారు. గుండె, బీపీ, ఆక్సిజన్, వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్, అన్నీ తెర మీద చూస్తూ మందు పెంచడం, తగ్గించడం ఆవిడ పని. సూది వేసి వెళ్ళిపోతారనుకున్న అమ్మకి ఆ మాటతో సగం టెన్షన్ పోయింది.

నాకు నమ్మకం కుదిరింది మాత్రల దగ్గర. స్ట్రిప్పులన్నీ టేబుల్ మీద పరిపించి, డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర మూడు రోజుల ముందే ఆపమన్నారు. పస్తున్నప్పుడు అది రక్తంలో కీటోన్లనే ఆమ్లాల్ని పెంచుతుంది, షుగర్ మామూలుగానే కనిపిస్తూ ప్రమాదం ముంచుకొస్తుంది. ఇంకో షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఆపరేషన్ రోజు పొద్దున వద్దన్నారు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ మాత్రం గుక్కెడు నీళ్ళతో వేసుకోమన్నారు. అంతా తెలుగులో రాసిచ్చారు.

ఇక ఫిర్యాదులు. తేలికపాటి టిఫిన్, పాలు కలిసిన కాఫీ ఆరు గంటల ముందు ఆపాలి, మంచినీళ్ళు మాత్రం రెండు గంటల ముందు దాకా తాగొచ్చు అని డాక్టరమ్మ రాసిచ్చిన కాగితంలో ఉంది. వార్డు సిస్టర్ మాత్రం అర్ధరాత్రి నుంచి చుక్క నీళ్ళు కూడా వద్దంది. కడుపులో ఆహారం ఉంటే మత్తులో పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఆ జాగ్రత్త తప్పనిసరే. కానీ షుగర్ ఉన్న పెద్దావిడని అక్కర్లేకుండా రాత్రంతా ఎండగట్టడం న్యాయం కాదు. కాగితం చూపించి, డాక్టర్‌కి ఫోన్ చేయించాకే నీళ్ళిచ్చారు. డాక్టర్ మాట వార్డు దాకా చేరకపోతే ఎలా?

రెండోది, అంగీకార పత్రం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. అప్పట్లో మత్తుకి వాడిన క్లోరోఫాం ఎంత సురక్షితమో తేల్చడానికి 1889లో నిజాం ఖర్చుతో కమిషన్ పనిచేసింది మన హైదరాబాద్‌లోనే. అలాంటి తెలుగు నేల మీద ఈరోజుకీ మా అమ్మ అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టాల్సి రావడం నాకు బాధగా ఉంది. ఒక స్టార్ తగ్గించింది ఈ రెండింటికే.

ఆపరేషన్ అయ్యాక గొంతు మంట, భుజం నొప్పి వచ్చాయి. గొట్టం వల్ల గొంతుకి, గ్యాస్ వల్ల భుజానికి అలా ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి మేం కంగారు పడలేదు.

వెళ్ళేవాళ్ళు పాత ఈసీజీ, మాత్రల స్ట్రిప్పులు పట్టుకెళ్ళండి. ఆయుర్వేదం మందులు వాడుతుంటే అవి కూడా చూపించండి. సర్జన్ పంపకపోయినా పీఏసీ ఎప్పుడని మీరే అడగండి.