నేరుగా దిగే బాటా, అడ్డంగా తిరిగే బాటా?

ఒడిశాలోని జయపురం, రాయగడ పక్క కొండల్లో మౌంటెన్ బైక్ బాట వేద్దామనుకుంటే మొదట తేల్చుకోవాల్సింది ఇదే. నేరుగా కిందికి దించడం సులువు, తవ్వే పని పెద్దగా ఉండదు, దిగేటప్పుడు స్పీడూ బాగుంటుంది. కానీ వాన నీళ్లకీ అదే దగ్గరి దారి. ఎర్రమట్టి మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా నీళ్లు పారితే టైరు గాడి కాస్తా కాలవైపోతుంది, మట్టి కొట్టుకుపోయి రాళ్లూ వేళ్లూ బయటపడతాయి, వాటిని తప్పించుకోవడానికి అందరూ పక్కనుంచి పోయి బాటని ఇంకా వెడల్పు చేసేస్తారు.

వాలుకి అడ్డంగా తిప్పే బాటకి ముందు చెమటోడ్చాలి. లెక్క తేలికే: బాట వాలు ఆ కొండ వాలులో సగం దాటకూడదు, మొత్తం మీద సగటు 10 శాతం లోపు ఉండాలి, అంటే వంద అడుగులకి పదడుగులకి మించి దిగకూడదు. కొండ 16 శాతం వాలితే బాట 8 దాటనివ్వకండి. బాటని బయటి అంచు వైపు 5 శాతం దాకా వాల్చితే నీరు అడ్డంగా జారిపోతుంది. అక్కడక్కడా కాస్త పైకి లేపి మళ్లీ దించితే మిగిలిన నీరు ఆ పల్లంలోంచి బయటపడుతుంది. వానలయ్యాక అంచున పేరుకున్న మట్టిగట్టుని పారతో చెక్కేయాలి, లేకపోతే నీళ్లు మళ్లీ బాట వెంటే పారతాయి.

నా ఓటు రెండోదానికే. ఒక్కటే చిక్కు, మలుపుల్లో ఎదుటివాళ్లు కనిపించరు, పైగా కట్టెల మోపులతో, సంత బుట్టలతో ఊరివాళ్లు నడిచే దారులివి. బెల్లు కొట్టి, ఆగి, వాళ్లని పోనివ్వండి. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి దారివ్వాలి. వెనక బ్రేకు బిగబట్టి చక్రాన్ని జారనివ్వొద్దు. టైరుకి మట్టి అంటుకునేంత తడిగా ఉంటే ఆ రోజుకి సైకిల్ తియ్యకండి.