ఏకాంతంలో రెసిడెన్సీనా, జనం మధ్య రెసిడెన్సీనా: ఏది మేలు?

కళాకారులకు కొన్ని వారాలో నెలలో చోటు, తీరిక, వీలైతే కాస్త డబ్బు ఇచ్చి పని చేసుకోనివ్వడమే ఆర్టిస్ట్ రెసిడెన్సీ. సమకాలీన కళ అందరికీ అందాలంటే రెసిడెన్సీలు పెంచాలని చాలామంది అంటారు. ఎలాంటివి పెంచాలన్న దగ్గరే అసలు పేచీ.

ఏకాంతానికి పేరుపడ్డది అమెరికాలో న్యూహ్యాంప్‌షైర్‌లోని మెక్‌డవెల్. 1907లో మొదలైంది. చెట్ల మధ్య విడివిడిగా స్టూడియోలు. మధ్యాహ్నం భోజనం బుట్టలో సర్ది గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోతారు, పని చెడకూడదని. ఒక్కో స్టూడియోలో చెక్కపలకల మీద అంతకుముందు అక్కడ ఉన్నవాళ్ల సంతకాలు కనిపిస్తాయి. బయటినుంచి చూస్తే ఇదంతా విలాసమే అనిపించొచ్చు. ఇల్లు, ఉద్యోగం మధ్య గంటసేపు కుదురుగా కూర్చోవడమే గగనమైనవాళ్లకు మాత్రం ఇంతకు మించిన సాయం లేదు. అయితే జనానికి అందేదేమిటి? ఎప్పుడో పని పూర్తయ్యాక, గ్యాలరీ దాకా వెళ్లగలిగినవాళ్లకు అందేదే.

రెండో దారి దీనికి పూర్తిగా ఎదురు. మియర్ల్ లాడర్‌మన్ యూకలీస్ అనే కళాకారిణి 1977లో న్యూయార్క్ పారిశుద్ధ్య శాఖలో రెసిడెన్సీకి చేరారు. 1979-80లో ఊరంతా తిరిగి 8,500 మంది కార్మికులతో ఒక్కొక్కరిగా చేయి కలిపి, నగరాన్ని బతికిస్తున్నందుకు థాంక్స్ చెప్పారు. కళంటే మనకెందుకులే అనుకునేవాళ్ల డ్యూటీ చోటికే కళ వెళ్లింది. వాళ్లు లేకపోతే ఆ పనే లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో రీకాలజీ అనే చెత్త సేకరణ సంస్థ 1990 నుంచి ఇంకో పద్ధతి నడుపుతోంది: జనం పారేసిన సామాన్లలోంచి కళాకారులు ఏరుకుంటారు, అక్కడే స్టూడియోలో పని చేస్తారు, చివర్లో ప్రదర్శన పెడతారు. మనింట్లోంచీ పోయిన వస్తువులాంటిదే ఎదురుగా కనిపిస్తే, చూడ్డానికి కళాచరిత్ర తెలియక్కర్లేదు. గోడమీద అతికించే ఆ అర్థంకాని వివరణల బెడదా తగ్గుతుంది!

ఇక ఓపెన్ స్టూడియోలు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్అకాడమీ అనే రెసిడెన్సీ సంస్థ ఏటా స్టూడియోల తలుపులు తీస్తుంది. సగంలో ఆగిన పని, పక్కన పడేసిన ప్రయత్నాలు చూడొచ్చు, అడగొచ్చు. మంచిదే. కాకపోతే ఇలాంటి వాటికి వచ్చేది చాలావరకు ముందే ఆసక్తి ఉన్నవాళ్లు. కొత్తవాళ్లకు ఏం అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్.

అందరికీ అందడమే లక్ష్యమైతే నా ఓటు రెండోదానికే. పని జరుగుతున్నప్పుడు పక్కన ఎవరున్నారన్నది, చివర్లో ప్రదర్శనకు టికెట్ లేకుండా చేయడంకన్నా ఎక్కువ తేడా చేస్తుంది. అలాగని ఏకాంత రెసిడెన్సీలను తప్పుపట్టను, వాటి పనే వేరు. నాకు అస్సలు నచ్చనిది మధ్యరకం: రెండు వారాలు పిలిచి, కొత్త పని చెయ్యాలి, బడిపిల్లలకు వర్క్‌షాపూ పెట్టాలి అనడం. అందులో పనీ సాగదు, పరిచయమూ కుదరదు.

జనం మధ్య రెసిడెన్సీకీ ఒక లోటుంది. యూకలీస్‌ది జీతం లేని హోదా. అందరూ అలా నెట్టుకురాలేరు. కనీసం కొన్ని నెలల గడువు, ఆ నెలలకు సరిపడా స్టైపెండ్ ఇవ్వలేకపోతే, ఆ డబ్బుతో ఒకరికి ఏకాంతంలో చోటివ్వడమే నయం.