మొదటి గేమ్‌కు ఏది మేలు: ఫోల్డరు కాపీలా, గిట్టా, పెర్ఫోర్సా?

గిట్, పెర్ఫోర్స్ అనేవి ప్రాజెక్టులో చేసిన మార్పుల చరిత్రను దాచే సాధనాలు. అయితే గేమ్ తయారీకి కొత్తగా దిగినవారు పని పోకుండా చూసుకోవడానికి ముందుగా పట్టుకునే దారి ఒకటే: ప్రాజెక్టు ఫోల్డరును కాపీ చేసి, పేరు చివర తేదీ తగిలించడం. నేనూ అదే చేశాను. దీన్ని వెక్కిరించేవారు చాలామందే గానీ, అంత పనికిమాలిన పద్ధతేమీ కాదు. కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. వెనక్కి వెళ్లాలంటే పాత ఫోల్డరు తెరిస్తే చాలు. రెండు మూడు రోజుల్లో ముగిసే ప్రయోగానికి ఇంతకు మించి అక్కర్లేదు.

ప్రాజెక్టు నెలలు సాగినప్పుడే అసలు తంటా. గోడో అనే గేమ్ ఇంజిన్‌లో (గేమ్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్) నేను చేస్తున్న గేమ్‌లో ఒకరోజు మూడో లెవెల్ దాటడం అసాధ్యమైపోయింది. పాత్ర ఎంత ఎగిరినా పై మెట్టు అందదు. పదకొండు కాపీలున్నాయి, దేనిలో ఏమి మార్చానో ఎక్కడా రాసుకోలేదు. ఒక్కొక్కటీ తెరిచి ఆడుతూ పోతే సాయంత్రానికి దొరికింది: ఎగిరే వేగం మైనస్ 400 ఉండవలసిన చోట మైనస్ 360 ఉంది (గోడో 2డీలో పైదిక్కు మైనస్). నలభై ఏపాటి తేడా అనిపిస్తుంది. కానీ గురుత్వం 980గా ఉన్నప్పుడు ఎగిరే ఎత్తు సుమారు 82 పిక్సెళ్ల నుంచి 66కు పడిపోతుంది. నా మెట్టు 75 దగ్గర ఉంది. వేరే లెవెల్‌లో పాత్ర తల కప్పుకు తగులుతోందని నేనే తగ్గించి మరిచిపోయాను.

గిట్ వాడి ఉంటే ఇది ఐదు నిమిషాల పని. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నెల్ పని కోసం రాసిన ఈ సాధనం, ఒక కమిట్‌కూ (అప్పటి ప్రాజెక్టును చిన్న వివరణతో భద్రపరచడం) మరో కమిట్‌కూ మధ్య ఏ ఫైలులో ఏ వరుస మారిందో చూపిస్తుంది. పక్కనే "తల కప్పుకు తగలకుండా ఎత్తు తగ్గించాను" అన్న నా మాటా కనిపించేది. గోడో సీన్లు (లెవెళ్లు, పాత్రలు లాంటివాటి అమరిక ఉండే ఫైళ్లు) కూడా టెక్స్ట్ ఫైళ్లే కాబట్టి వాటిలోని మార్పులనూ చదవవచ్చు.

గిట్ తడబడేది బొమ్మలు, శబ్దాలు, 3డీ మోడళ్ల దగ్గర. వాటిలో ఏమి మారిందో వరుసల వారీగా చూపలేదు, మార్చిన ప్రతిసారీ చరిత్ర బరువెక్కుతుంది. గిట్ ప్రాజెక్టులను ఆన్‌లైన్‌లో దాచే గిట్‌హబ్ అయితే 100 ఎంబీ దాటిన ఫైలును మామూలుగా తీసుకోదు. పెద్ద ఫైళ్లను విడిగా దాచి, వాటి ఆచూకీని మాత్రమే రిపోజిటరీలో (గిట్ చరిత్ర ఉండే చోట) ఉంచే గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్‌ను మొదటి పెద్ద ఫైలు చేరకముందే అమర్చుకోవాలి. తర్వాత సరిదిద్దాలంటే చరిత్రనే తిరగరాయాలి. ఇంజిన్ తనంతట తాను మళ్లీ తయారు చేసుకునే ఫోల్డర్లను, అంటే యూనిటీ అనే మరో ఇంజిన్‌లో లైబ్రరీని, గోడో 4లో డాట్ గోడోను, గిట్ పట్టించుకోని జాబితాలో పెట్టండి. యూనిటీ ప్రతి ఫైలు పక్కన పెట్టే మెటా ఫైళ్లను మాత్రం గిట్‌లో చేర్చడం మానకండి. అవి లేకపోతే ఏ సీన్ ఏ బొమ్మను వాడుతోందో ఆ లంకెలు తెగిపోతాయి.

పెర్ఫోర్స్ పెద్ద స్టూడియోల సాధనం. ఒకరు ఫైలును తాళం వేసుకుంటే మరొకరు దాన్ని మార్చలేరు. అన్‌రియల్ ఇంజిన్‌లో కోడ్ బదులు బొమ్మల రూపంలో తర్కం అమర్చే బ్లూప్రింట్లు బైనరీ ఫైళ్లు (టెక్స్ట్‌లా చదవలేనివి), ఇద్దరి మార్పులను కలపడం పెద్ద తలనొప్పి. కాబట్టి నలుగురు కలిసి అన్‌రియల్‌లో పనిచేసేటప్పుడు ఆ తాళం విలువ తెలుస్తుంది. చిన్న బృందానికి ఉచితంగానే దొరుకుతుంది గానీ, సర్వర్ నడపాలి. ఒంటరిగా మొదటి గేమ్ చేసేవారికి ఆ బరువు ఎందుకు?

ఒక్కరే అయితే గిట్, అదీ మొదటి రోజు నుంచే. కమిట్ చేసి ఊరుకుంటే అంతా మీ డిస్కులోనే ఉంటుంది, వేరే చోటికి పుష్ చేయాలి, అంటే పంపాలి.

ఇంజిన్ కొత్త వెర్షన్ వచ్చిందని గేమ్ మధ్యలో మారడం మేలా అంటే, చిన్న సవరణలకు సరే, పెద్ద మార్పుకు వద్దు. 2023లో గోడో 4 వచ్చినప్పుడు పాత్రలను కదిలించడానికి వాడే కైనమాటిక్ బాడీ పేరే క్యారెక్టర్ బాడీ అయింది, కోడ్‌ను ఆపి వేచి ఉండేలా చేసే యీల్డ్ పోయి అవెయిట్ వచ్చింది, పాత కోడ్ చాలా చోట్ల తిరగరాయవలసి వచ్చింది. తప్పనిసరైతే విడి బ్రాంచిలో (అసలు పనికి తగలని సమాంతర దారిలో) ప్రయత్నించండి. నేనైతే అలాంటప్పుడు కమిట్, పుష్ రెండూ అయ్యాక కూడా ఫోల్డరును కాపీ చేసి తేదీ తగిలిస్తాను.