బిళ్ల, సెలైన్, సూది: గుల్లబారిన ఎముకల మందులు వాడాక

ఎముకలు గుల్లబారితే వాడే మందుల్లో ఏది మంచిదని ఎవరైనా అడిగితే, ముందు వాళ్ల కిడ్నీల సంగతి అడుగుతాను. తర్వాత పొద్దున్న లేవగానే కాఫీ తాగకుండా ఎంతసేపు ఉండగలరని అడుగుతాను. నవ్వుతారు గానీ, నా అనుభవంలో మందు నిలబడేదీ పోయేదీ ఇలాంటి వాటి దగ్గరే. కాగితం మీద దాదాపు అన్నీ మంచి మందులే.

నేను కోనసీమలో టీచరుగా చేసి రిటైరయ్యాను. గ్యాస్ బండ పక్కకి జరుపుతుంటే నడుంలో కలుక్కుమంది. అమలాపురంలో ఎక్స్‌రే తీస్తే ఒక వెన్నుపూస అణిగిందన్నారు. రాజమండ్రిలో ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ తీయించాం. ఆ కొలతనే టీ స్కోరంటారు. నడుం దగ్గర మైనస్ 3.1, తుంటి దగ్గర మైనస్ 2.4. మైనస్ 2.5, అంతకన్నా కిందికి ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం అంటారు. నాకు ఎలాగూ పూస విరిగింది కాబట్టి, స్కోరు కాస్త మెరుగ్గా ఉన్నా మందు తప్పేది కాదన్నారు డాక్టరు గారు.

మందు రాసేముందు రక్తపరీక్షలు చేయించారు: విటమిన్ డి, కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, థైరాయిడ్. ఇంత ఎండలో పుట్టి పెరిగి డి తక్కువంటే మా ఆయన నమ్మలేదు. 60,000 యూనిట్ల పొడి వారానికి ఒకటి, 8 వారాలు పాలల్లో కలుపుకుని తాగాను. ఇది సరిచేయకుండా గట్టి మందులు మొదలుపెడితే రక్తంలో కాల్షియం పడిపోతుంది. ఈ పరీక్షలు చేయించకుండానే సూది రాస్తే ఇంకో డాక్టరుని కూడా అడగడంలో తప్పు లేదు.

మొదట అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల బిళ్ల, వారానికి ఒకటి. చవక, ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. నియమాలే కొంచెం చాదస్తంగా ఉంటాయి. ఆదివారం లేవగానే ఖాళీ కడుపున, నిండు గ్లాసు మామూలు నీళ్లతో మింగాలి. కనీసం అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు, కాఫీ అసలు తాగకూడదు. ఎందుకంత పట్టుదలంటే, అన్నీ పాటించినా ఈ బిళ్లలో ఒంటికి పట్టేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. కాఫీతో వేసుకుంటే అందులోనూ సగానికి పైగా పోతుంది. పైగా బిళ్ల అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. ఆ అరగంటా నేను పెరట్లో పూలు కోసుకుంటూ గడిపేదాన్ని. మా ఆయన మాత్రం నా ఎదురుగానే కూర్చుని ఫిల్టర్ కాఫీ చప్పరిస్తూ పేపరు చదివేవారు. ఆ వాసన భరించడమే అన్నిటికన్నా కష్టం.

రెండేళ్లకి నడుం స్కోరు మైనస్ 2.8కి వచ్చింది. ఆ తర్వాత గుండెల్లో మంట మొదలైంది. మొదట ఆదివారాలు మాత్రమే, తర్వాత వారమంతా. పచ్చడన్నం మానేశాను, గ్యాస్ బిళ్లలు వాడాను, తగ్గలేదు. ఎండోస్కోపీ చేస్తే అన్నవాహిక ఎర్రబడి ఉందని బిళ్ల ఆపించారు. ఈ మందు చెడ్డదని నేను అనను. మా వీధిలోనే ఇద్దరు ఏ ఇబ్బందీ లేకుండా వాడుతున్నారు. అసిడిటీ ఎప్పుడూ ఉండేవాళ్లు, మింగడానికి కష్టపడేవాళ్లు, అరగంట నిటారుగా కూర్చోలేని వృద్ధులు మాత్రం దీని జోలికి పోకపోవడమే మంచిది.

తర్వాత ఏమిటన్నప్పుడు డాక్టరు గారు ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. రాలోక్సిఫిన్ రోజువారీ బిళ్ల. వెన్నుకి పనికొస్తుంది, తుంటికి భరోసా లేదు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. నాకు ప్రసవం తర్వాత ఒకసారి కాల్లో గడ్డ కట్టింది కాబట్టి అది పక్కకి పోయింది. టెరిపారటైడ్ కొత్త ఎముకని కట్టే మందు. పెన్నుతో రోజూ పొట్టకో తొడకో పొడుచుకోవాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి, రెండేళ్లకి మించి సాధారణంగా ఇవ్వరు, ఖర్చు నెలనెలా వేలల్లో. పైగా ఆపగానే వేరే మందుతో కట్టిన ఎముకని కాపాడుకోవాలి. ఇంకో పూస విరిగితే అప్పుడు దాని సంగతి చూద్దామన్నారు. మిగిలింది ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆసిడ్.

అది 5 మిల్లీగ్రాములు, సెలైన్‌లా నరంలోకి. పావుగంటకి తక్కువ కాకుండా నిదానంగా ఎక్కించాలి. క్రియాటినిన్ చూడకుండా ఇవ్వకూడదు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి పనికిరాదు. ముందురోజు నుంచి నీళ్లు బాగా తాగమన్నారు. పుచ్చిన పన్ను ఉంటే ముందే పీకించుకోమన్నారు. ఈ మందు వాడుతుండగా పన్ను పీకితే దవడ ఎముక మానకుండా ఉండిపోయే సమస్య ఎముకల కోసం ఇచ్చే మోతాదులో చాలా అరుదే. కేన్సర్ రోగులకి ఇచ్చే పెద్ద మోతాదుల్లో ఎక్కువ చూస్తారట. అయినా నేను పన్ను పీకించుకుని, చిగురు పూర్తిగా మానాకే వెళ్లాను.

ఎక్కించుకుని హాయిగా బస్సెక్కి ఇంటికొచ్చాను. రాత్రికి మొదలైంది చలి. రెండు దుప్పట్లు కప్పినా వణుకే. కీళ్లు, పిక్కలు, చివరికి కనుగుడ్లు కూడా నొప్పి. చికెన్‌గున్యా వచ్చినవాళ్లకి చెబితే అర్థమవుతుంది. పారాసిటమాల్ వేసుకుంటూ ఉంటే మూడో రోజుకి లేచి వంట చేశాను. మొదటిసారి సుమారు ముగ్గురిలో ఒకరికి ఇలా వస్తుంది, తర్వాత బాగా తగ్గుతుంది. నాకు రెండో ఏడు ఒళ్లు కాస్త వెచ్చబడింది, మూడో ఏడు అదీ లేదు. ఈ జ్వరానికే భయపడి మానేసినవాళ్లు నాకు తెలుసు. నన్నడిగితే రెండు రోజుల జ్వరానికి ఏడాది నిశ్చింత, బేరం మంచిదే. 2007లో వచ్చిన పెద్ద పరిశోధనలో మూడేళ్లలో వెన్నుపూసలు విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గాయి.

ఇంకోటి డెనోసుమాబ్ సూది. అది నేను వాడలేదు, మా వదిన వాడుతోంది. ఆవిడకి కిడ్నీ బలహీనం, జోలెడ్రోనిక్ కుదరదు. చర్మం కిందికి 60 మిల్లీగ్రాములు, ఆర్నెల్లకోసారి. జ్వరం లేదు, కడుపు మంట లేదు, అరగంట కూర్చోవడం లేదు. అందుకే చాలామందికి ముచ్చటగా ఉంటుంది. మొదటి సూది వేసిన రెండో వారంలో మాత్రం మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు వచ్చాయి. రక్తంలో కాల్షియం పడిపోయిందని తేలి కాల్షియం బిళ్లల మోతాదు పెంచారు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకి ఈ ముప్పు ఎక్కువ.

అసలు చిక్కు వేరే ఉంది. జోలెడ్రోనిక్ ఎముకలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. డెనోసుమాబ్ ప్రభావం మాత్రం తర్వాతి సూది గడువు దాటగానే పోతుంది. అంతవరకూ ఆగిన అరుగుదల ఒక్కసారిగా ఊపందుకుని, రెండు మూడు వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది. సూది గడువుని మహా అయితే ఒక నెల సాగదీయొచ్చు, అంతే.

2022 జులై వరదల్లో వదిన గడువు సరిగ్గా పడింది. ఆవిడది పి.గన్నవరం వైపు లంక ఊరు. ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజులు. ఇళ్లలోకి నీళ్లు, కరెంటు లేదు. సూదిమందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఆవిడ ఫ్రిజ్ అప్పటికే నీళ్లలో ఉంది. ‘వరద తీశాక చూద్దాంలే’ అంది. అన్నయ్య వినలేదు. పడవ మీద గట్టు దాకా తీసుకొస్తే, అక్కణ్ణుంచి మా అబ్బాయి బండి మీద అమలాపురం తెచ్చాడు. మందు షాపు ఫ్రిజ్‌లోనే ఉంచమని ముందే ఫోన్ చేశాం. ‘ఆయ్, ఐసు వేసి పెట్టానండి, దారిలో డబ్బా తెరవకండి’ అన్నాడు షాపు కుర్రాడు. తడి చీరతోనే ఆసుపత్రిలో కూర్చుని వేయించుకుంది. డెనోసుమాబ్ మొదలుపెట్టేముందు దీన్ని ఎలా ఆపుతారు, ఆపాక ఏమిస్తారు అని డాక్టరుని అడగండి. మామూలుగా ఆపాక జోలెడ్రోనిక్‌తోనో బిళ్లతోనో సర్దుతారు. వదిన కిడ్నీకి అది కుదరదు కాబట్టి ఇప్పటికి సూది కొనసాగించడమే. పదేళ్ల దాకా వాడి చూసిన పరిశోధన ఉందని డాక్టరు ధైర్యం చెప్పారు.

కాల్షియం బిళ్ల సంగతి చిన్నది గానీ చాలామంది తడబడతారు. కార్బొనేట్ అయితే అన్నంతో, సిట్రేట్ అయితే ఎప్పుడైనా. థైరాయిడ్ బిళ్లకీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. నాకు కార్బొనేట్ మలబద్ధకం చేసింది, సిట్రేట్‌కి మారాను. పెరుగు, రాగిజావ రోజూ ఉంటాయి. దసరా దాటాక యానాం వైపు నుంచి చీరమీను అనే సన్నటి చిన్న చేపలు వస్తే ముల్లుతో సహా తినేదే కాబట్టి కాల్షియం వంక పెట్టుకుని రెండు గ్లాసులు ఎక్కువే కొంటాం.

మూడు సెలైన్ల తర్వాత నాకు మందు ఆపారు. నడుం మైనస్ 2.4, తుంటి మైనస్ 2.1. ఏళ్ల తరబడి ఆపకుండా వాడితే తొడ ఎముక మధ్యలో అరుదుగా విరగొచ్చని ఈ విరామం. తొడలోనో గజ్జలోనో కారణం లేని నొప్పి వస్తే ఆలస్యం చేయకుండా రెండు తొడలకీ ఎక్స్‌రే తీయించమన్నారు. సంక్రాంతి వెళ్లాక మళ్లీ డెక్సా ఉంది. స్కోరు పడితే సెలైనే అడుగుతాను, ఆ వారం ఇంటికి చుట్టాలెవరూ రాకుండా చూసుకుంటాను.