ఫ్లై-ఇన్‌కు తీసుకెళ్లే టై-డౌన్ కిట్: మూడు మేకుల యాంకర్ మీద నిక్కచ్చి సమీక్ష

పాత విమానాల క్లబ్బు ఫ్లై-ఇన్, అంటే అందరూ తమ విమానాల్లో ఒకచోటికి ఎగిరొచ్చే రెండు రోజుల విహారం, పెట్టుకుంటే విమానాలు గాల్లో ఉండే సమయం కంటే నేల మీద ఉండే సమయమే చాలా ఎక్కువ. పగలు వరుస పొడవునా తిరిగి ఒకరి విమానం ఒకరు చూసుకోవడం, సాయంత్రం కబుర్లు, రాత్రి రెక్క కిందే గుడారం. ఇదంతా సాధారణంగా పచ్చిక మైదానంలోనే జరుగుతుంది. అక్కడ సిమెంటులో పాతిన కొక్కేలు ఉండవు కాబట్టి నేలలో దిగ్గొట్టి విమానాన్ని తాడుతో కట్టే యాంకర్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. అందుకని ఈ సమీక్ష విమానం గురించి కాదు, దాన్ని రాత్రంతా నేలకు పట్టి ఉంచే సంచెడు సరంజామా గురించి.

తీర్పు ముందే చెప్పేస్తే నయం. గట్టి పచ్చిక నేల మీద, పైపర్ కబ్ లాంటి తేలిక విమానానికి మూడు మేకుల రకం కొనదగ్గది. ఇసుక నేలకు వద్దు. కిట్‌తో వచ్చే తాడునూ సుత్తినీ మాత్రం పక్కన పెట్టి వేరేవి వాడాలి.

ఎంత బలం కావాలో లెక్క వేయకుండా ఏ కిట్ మంచిదో చెప్పలేం. కబ్ జే-3నే తీసుకుందాం. ఖాళీ బరువు సుమారు 347 కిలోలు, గరిష్ఠ బరువు 553 కిలోలు, ఆ నిండు బరువుతో స్టాల్ వేగం (దీనికి తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదు) గంటకు 61 కిలోమీటర్లు. కబ్ లాంటి తోకచక్రం విమానం నేల మీద ముక్కు పైకెత్తి కూర్చుంటుంది. అంటే రెక్క ఎక్కువ లిఫ్ట్ (పైకెత్తే బలం) ఇచ్చే కోణానికి దగ్గరగానే ఉంటుంది. ఎదురుగాలి గంటకు 48 కిలోమీటర్లు దాటితే చాలు, ఖాళీ కబ్ బరువంతా రెక్క మోసేస్తుంది. గాలి వేగం రెట్టింపైతే లిఫ్ట్ నాలుగింతలవుతుంది. ఉరుముల గాలివానలో 97 కిలోమీటర్ల గాలి విసిరితే లిఫ్ట్ దాదాపు 1,400 కిలోలకు చేరుతుంది. విమానం బరువు తీసేసినా తాళ్ల మీద ఇంకా వెయ్యి కిలోల పైన మిగులుతుంది, ఒక్కో రెక్క తాడుకు సుమారు 525 కిలోలు. తాడు నిట్టనిలువుగా కాక 45 డిగ్రీల వాలులో ఉంటే అదే లాగుడు 740 దాటుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, గాలి రెండు రెక్కల మీదా సమానంగా తగులుతుందన్న హామీ కూడా లేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ వారి 20-35సి సలహాపత్రం తేలిక విమానాలకు ఒక్కో తాడూ ఒక్కో యాంకరూ సుమారు 1,360 కిలోలు ఆపాలని చెప్పింది ఇందుకే.

మూడు మేకుల రకంలో అందరికీ తెలిసిన పేరు ‘ద క్లా’. మూడు యాంకర్లు, తొమ్మిది ఉక్కు మేకులు, తాడు, సుత్తి ఒక సంచిలో వస్తాయి, మొత్తం మూడున్నర కిలోల పైచిలుకు. కబ్ సామాను అరలో 9 కిలోలకు మించి పెట్టకూడదు కాబట్టి బరువు తక్కువ కావడం ఇక్కడ పెద్ద సుగుణం. ఇనుప కడ్డీలు కోయించి సొంతంగా చేసుకున్న కిట్లు బలంగానే ఉంటాయి గానీ, అవి ఎక్కాక దుప్పటికీ బట్టలకీ చోటు మిగలదు.

దీని కిటుకు మేకుల వాలులో ఉంది. నడుమ చిన్న లోహపు దిమ్మ, దానికి మూడు ఏటవాలు రంధ్రాలు. మూడు మేకులూ మూడు దిక్కులకు వాలి మట్టిలోకి దిగుతాయి. దిమ్మను పైకి లాగితే ఏ మేకూ తన దారిన తాను నేరుగా జారి రాలేదు, ఒక్కోటీ తన మీదున్న మట్టిని ఎత్తుకుని రావాల్సిందే. గుడారానికి వాడే ఒంటి మేకు నిలువు లాగుడుకు ఇట్టే ఊడొస్తుంది. దానికి దీనికి పోలికే లేదు.

దిగ్గొట్టే పద్ధతిలోనే చాలామంది బలాన్ని పోగొట్టుకుంటారు. ముందు రెక్కకు ఉండే, తాడు కట్టే రింగుకు సరిగ్గా కిందన నేల మీద గుర్తు పెట్టాలి. అక్కడి గడ్డిని మడమతో నొక్కి, దిమ్మ మట్టిని తాకేలా కూర్చోబెట్టాలి. మూడు మేకుల్నీ ముందు సగం వరకు దించి, ఆ తర్వాత ఒక్కోదానికీ కొన్ని దెబ్బల చొప్పున వంతులవారీగా పూర్తిగా దించాలి. ఒకదాన్ని మొత్తం దిగ్గొట్టి తర్వాత రెండోదానికి వెళ్తే దిమ్మ ఒక పక్కకు ఒరిగిపోతుంది, మూడో మేకు వాలు తప్పుతుంది. దిమ్మకూ నేలకూ మధ్య రెండు వేళ్ల సందు మిగిలినా తాడు అటూఇటూ లాగిన ప్రతిసారీ మేకుల మెడలు ఊగి రంధ్రాలు పెద్దవవుతాయి. తెల్లారేసరికి యాంకర్ చేత్తో ఊడొచ్చే స్థితికి వస్తుంది. కిట్లలో ఇచ్చే సుత్తులు బరువు తగ్గించడానికి చిన్నవిగా ఇస్తారు. గట్టి నేలలో వాటితో కొడితే మేకు తల చదునవుతుందే గానీ దిగదు. కిలో బరువున్న పొట్టి పిడి సుత్తి వేరే పెట్టుకోండి. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఉక్కు మీద ఉక్కు కొట్టకండి.

కొట్టే ముందు మైదానం నిర్వాహకుల్ని ఒక్కమాట అడగాలి, రన్‌వే దీపాల కేబుళ్లూ నీటి గొట్టాలూ ఎటు పోతున్నాయని. పాత గడ్డి మైదానాల్లో అవి లోతుగా ఉండవు.

నేల సంగతికి వస్తే, ఈ కిట్ బలమంతా మట్టి బలమే. వేళ్లు అల్లుకున్న పచ్చిక కింద బంకమట్టి ఉంటే దీన్ని మించింది లేదు. రాళ్లు కలిసిన నేలలో మేకు వంగినా ఏదో ఒక చోట దిగుతుంది. మట్టిలోకి తిప్పి దించే మర రకం యాంకర్ అక్కడ తిరగనే తిరగదు. పొడి ఇసుకలో మాత్రం మూడు మేకులూ కలిపి లాగినా మెత్తగా వచ్చేస్తాయి. ఇసుకకు వెడల్పు పళ్లెం ఉన్న పొడవాటి మర యాంకర్ కావాలి, లేదా గొయ్యి తీసి చెక్క దుంగకు తాడు చుట్టి పూడ్చాలి. పెంపుడు కుక్కల్ని కట్టడానికి అమ్మే సన్నటి వంకర మరలు చూడ్డానికి ఇలాంటివే అనిపిస్తాయి. వాటి కడ్డీ లాగుడుకు స్ప్రింగులా సాగిపోతుంది. విమానానికి వాటిని వాడొద్దు.

పొడి నేలలో బాగా ఆగింది వానలో ఆగదు. మేకులు నానిన నేలలోంచి ఊడిపోతాయని 20-35సి పత్రమే హెచ్చరిస్తుంది. గాలి ఎక్కువగా వచ్చేది వానతోనే కాబట్టి దీన్ని చిన్న లోపంగా తీసుకోకూడదు. అందుకే రాత్రికి వాన సూచన ఉంటే ఒక్కో రెక్కకు రెండు యాంకర్లు వేయాలి, రెండింటికీ వేర్వేరు తాళ్లతో. మూడు యాంకర్ల కిట్ ఒకటి కొనే బదులు ఐదు యాంకర్లు చేతిలో ఉండేలా చూసుకోమని చెప్పేది ఇందుకే: రెక్కకు రెండేసి, తోకకు ఒకటి.

కొన్నాక ఒకసారి సొంతంగా పరీక్ష చేసి చూడటం మంచిది. నాలుగు అంగుళాల చదరపు దూలం, రెండు మీటర్ల పొడవుది తీసుకోండి. ఒక కొసను యాంకర్‌కు గొలుసుతో కట్టి, ఆ కొసకు 20 సెంటీమీటర్ల దూరంలో దూలం కింద గట్టి దిమ్మ పెట్టండి. అవతలి కొసకు 60 కిలోల బరువు వేలాడదీస్తే యాంకర్ మీద సుమారు 540 కిలోల లాగుడు పడుతుంది, అంటే పైన కబ్‌కు వేసిన లెక్కంత. దూలం మీద మనిషి ఎక్కకూడదు. యాంకర్ ఊడితే ఆ కొస ఎగిరి వస్తుంది. పొడి నేలలో ఒకసారి, అదే చోట బాగా నీళ్లు పోసి మరోసారి చేయండి. తేడా చూశాక రెండో యాంకర్ ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేదు.

తాడు విషయంలో రాజీ వద్దు. పాలీప్రొపిలీన్ తాడు చవకగా, తేలికగా, రంగురంగులుగా ఉంటుంది. ఎండకు పెళుసెక్కుతుంది, నున్నగా ఉండి ముడి జారుతుంది. నైలాన్ సాగుతుంది. గాలి విసురు దెబ్బను మింగడానికి అది మంచిదే, కానీ తడిస్తే కొంత బలం తగ్గుతుంది, విమానాన్ని ఊగనిస్తుంది. 10 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు అన్నిటికంటే సరిగ్గా సరిపోతుంది. ఎండకు తట్టుకుంటుంది, తక్కువ సాగుతుంది, చేతికి పట్టు దొరుకుతుంది. కొనేటప్పుడు తెగే బరువు 2,000 కిలోలకు తగ్గకుండా చూడండి, ఎందుకంటే ఏ ముడి వేసినా తాడు బలంలో మూడో వంతు పోయిందనే అనుకోవాలి. నార తాడు తడిస్తే బిగుసుకుంటుంది, రాత్రి వానకు అది రెక్కను కిందికి లాగేస్తుంది. పిడి తిప్పి బిగించే రాచెట్ పట్టీలు మరీ ప్రమాదం. పిడి నాలుగుసార్లు తిప్పితే రెక్క స్పార్ (రెక్క పొడవునా ఉండే లోపలి దూలం) మీద ఎంత బరువు పడుతోందో చేతికి తెలియదు. తలకిందుల ఎగురుడుకు తయారుకాని రెక్కకు కింది వైపు లాగుడు మంచిది కాదు.

తాడులో ఒక అంగుళం వదులు ఉండాలి, అంతే. ఎక్కువైతే విమానం ఎగిరి ఎగిరి కుదుపుతో ఆగుతుంది, ఆ కుదుపుకే యాంకర్లు ఊడేది. రింగు దగ్గర బౌలైన్ (జారని ఉచ్చు) ముడి, యాంకర్ దగ్గర రెండు చుట్లు చుట్టి రెండు సగం ముళ్లు, ఆపైన మిగిలిన కొసతో ఇంకొకటి. గుడారాలకు వేసే జారుముడి కుదుపులకు కొద్దికొద్దిగా వదులవుతుంది.

కట్టే చోటు విషయంలో పాత విమానాలు కొత్తవాటిలా ఉండవు. రింగులు ఉంటే రింగులకే. కబ్‌లో రింగు లేకపోతే స్ట్రట్ (రెక్కకు కింది నుంచి ఆసరాగా ఉండే గొట్టం) పైకొసన, రెక్కకు అతుక్కునే ఫిటింగ్‌కు ఆనుకుని తాడు చుట్టాలి. స్ట్రట్ మధ్యలో చుడితే తాడు జారి, కొద్దిపాటి లాగుడుకే గొట్టం వంగుతుంది. ఏలరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) కేబులూ గాలి వేగం కొలిచే పిటో గొట్టమూ తాడు కింద నలగకుండా చూసుకోవాలి. పైనా కిందా రెండు వరసల రెక్కలున్న విమానానికైతే కింది రెక్క రింగులే, రెక్కల మధ్య స్ట్రట్లు కావు. అలాంటి విమానమే అయిన టైగర్ మాత్‌కు స్లాట్లు (రెక్క ముందంచున కదిలే పలకలు) తాళం వేయాలి, లేదంటే గాలికి రాత్రంతా టపటప కొట్టుకుంటాయి. తోకకు తోకచక్రం స్ప్రింగు మొదట్లో కట్టాలి, స్టీరింగ్ గొలుసుల దగ్గర కాదు.

తాడు కట్టాక కంట్రోళ్లు. ముక్కు గాలికి ఎదురుగా ఉంటే ఎలివేటర్ (తోక మీద పైకీ కిందికీ కదిలే పలక) పూర్తిగా పైకి, తోక గాలివైపు ఉంటే పూర్తిగా కిందికి. రెండు సందర్భాల్లోనూ గాలి తోకను నేలకు నొక్కి ఉంచుతుంది. సీటు బెల్టుతో స్టిక్‌ను (విమానం నడిపే కర్రను) కట్టేయడమే అన్నిటికంటే మేలు, అది విప్పకుండా సీట్లో కూర్చోలేరు. బయట రెక్కకు పెట్టే చెక్క బిగింపులకైతే మూరెడు ఎర్ర రిబ్బన్ తప్పనిసరి. 1935 అక్టోబరు 30న బోయింగ్ 299 బాంబర్ నమూనా కూలింది కంట్రోళ్ల లాక్ తీయకుండా ఎగరడం వల్లే, పైలట్లకు చెక్‌లిస్టు అలవాటు స్థిరపడింది కూడా ఆ తర్వాతే. చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మలు పెట్టి, రెండింటినీ తాడుతో కలపండి. కబ్ బ్రేకుల్ని నమ్ముకుని వదిలేయకూడదు.

గాలి మరీ పెరిగేలా ఉంటే రెక్క మీద స్పాయిలర్ (లిఫ్ట్‌ను చెడగొట్టే అడ్డుకర్ర) కట్టడం చాలా పనిచేస్తుంది: రెండంగుళాల చదరపు కర్ర, కింద స్పాంజి పట్టీ అంటించి, రెక్క పొడవునా ముందంచు నుంచి పావు వంతు దగ్గర తాళ్లతో బిగించాలి. గుడ్డ రెక్క కాబట్టి స్పాంజి లేకుండా పెట్టొద్దు.

ఫ్లై-ఇన్‌లో ఒకరి యాంకర్ ఊడితే నష్టం ఒకరిది కాదు. విడిపోయిన విమానం గాలి వాలున పక్కదాని మీదే పడుతుంది. 2011 మార్చి 31న ఫ్లోరిడాలోని లేక్‌ల్యాండ్‌లో సన్ ఎన్ ఫన్ విమానాల వేడుక మీదికి సుడిగాలి వచ్చినప్పుడు ఒకదాని మీద ఒకటి పడ్డ, బోర్లాపడ్డ విమానాలు పదుల్లో ఉన్నాయి. క్లబ్బు విహారంలో చీకటి పడక ముందు ఇద్దరు వరుస మొత్తం నడిచి ప్రతి తాడూ లాగి చూడటం, అదనపు యాంకర్లు రెండు మూడు జతలు క్లబ్బు తరఫున ఉంచడం అందుకే అవసరం. తాళ్లు వదులుగా ఉన్నవాళ్లకు నొచ్చుకోకుండా చెప్పగల మనిషిని ఆ పనికి పెట్టాలి. యజమాని కంటపడకపోతే స్టిక్ కట్టొచ్చు, చక్రాలకు దిమ్మలు పెట్టొచ్చు. తాడు మాత్రం అతన్ని పిలిచే విప్పి కట్టాలి.

రాత్రిపూట జనం రెక్కల కిందుగా తిరుగుతారు, పిల్లలు పరుగెత్తుతారు. తాడు మోకాలి ఎత్తున కనబడదు. ప్రతి తాడుకూ తెల్లటి గుడ్డపీలిక లేదా మెరిసే టేపు కట్టండి, యాంకర్ దిమ్మ మీద బోర్లించిన ప్లాస్టిక్ గిన్నె పెట్టండి. ఈ కిట్లు నల్ల సంచిలో ముదురు రంగు తాళ్లతో రావడం నాకు అసలు నచ్చని విషయం.

బరువైన విమానాలకు ఈ కిట్‌ను సిఫారసు చేయను. స్టియర్‌మాన్ ఖాళీ బరువే సుమారు 880 కిలోలు, రెండు వరసల్లో కలిపి రెక్కలు నాలుగు. దానికి మైదానంలో పాతిపెట్టిన యాంకర్లు ఉన్నాయో లేదో ముందే కనుక్కుని బయల్దేరాలి.

తీయడం వేయడం కంటే కష్టం. మేకు తలను ప్లయర్‌తో పట్టి సగం చుట్టు తిప్పితే మట్టి పట్టు వదులుతుంది, తర్వాత దిగిన వాలులోనే లాగాలి. నిటారుగా లాగితే మేకు వంగుతుంది. తొమ్మిదీ లెక్కపెట్టి సంచిలో వేయండి. గడ్డిలో మిగిలిపోయిన ఒక్క మేకు తర్వాత వచ్చేవాళ్ల టైరుకో, గడ్డి కోసే యంత్రానికో తగులుతుంది. మేకు తలలకు నారింజ రంగు వేసి ఉంచితే వెతుకులాట ఉండదు. రంధ్రాలు మడమతో పూడ్చి, తాళ్లు ఆరబెట్టి చుట్టండి. పురి మధ్య వేలు పెట్టి విప్పి చూస్తే లోపల పొడి రాలుతున్న తాడును ఆ సీజన్‌లోనే మార్చేయాలి.